బొమ్మను తిప్పి అడగండి: రేఖాగణితంలో పిల్లల అపోహలను పట్టుకొని సరిదిద్దే విధానం

చిత్తూరు జిల్లాలోని ఒక ఉన్నత పాఠశాలలో ఏడో తరగతికి గణితం చెబుతున్న రోజుల్లో, నల్లబల్ల మీద ఒక చతురస్రం గీసి దీని పేరేమిటని అడిగాను. తరగతి మొత్తం ఒక్క గొంతుతో చతురస్రమని చెప్పింది. అవే కొలతలతో ఇంకొక చతురస్రాన్ని మూల మీద నిలబెట్టినట్టుగా గీసి మళ్ళీ అడిగితే, సగం మందికి పైగా అది డైమండ్ అన్నారు. అప్పుడు అట్టతో కత్తిరించిన చతురస్రాన్ని చేతిలోకి తీసుకొని, నెమ్మదిగా తిప్పుతూ, చతురస్రం పోయి డైమండ్ ఎప్పుడు వచ్చిందో చెప్పమన్నాను. ముందు వరుసలోని ఒక అమ్మాయి, "సగం తిరిగినాక మారిపోయింది సార్" అంది. ఆ జవాబు తప్పే అయినా దాని వెనుక ఒక నియమం ఉంది. ఆకారం ఎట్లా కూర్చుని ఉందో దాన్ని బట్టే దానికి పేరు వస్తుందని ఆ అమ్మాయి ఎన్నో బొమ్మలను చూసి తనంతట తానే తేల్చుకుంది, తేల్చుకున్న నియమాన్ని నిజాయితీగా పాటించింది.

రేఖాగణితం బోధించే ఉపాధ్యాయుడు మొదట వెతకవలసింది ఈ నియమాన్నే. పొరపాటు వేరు, అపోహ వేరు. తొందరలో 7 × 8ని 54 అని రాసిన పిల్లవాడిని ఒకసారి సరిచూసుకోమంటే తానే దిద్దుకుంటాడు. అపోహ ఉన్న పిల్లవాడు పదిసార్లు సరిచూసుకున్నా అదే జవాబుకు వస్తాడు, ఎందుకంటే అతని లెక్క ప్రకారం అందులో తప్పేమీ లేదు. అటువంటి చోట నిర్వచనాన్ని మరొకసారి చదివించడం వల్ల ప్రయోజనం తక్కువ. పిల్లవాడు నిర్వచనాన్ని పరీక్ష కోసం ఒక గదిలోనూ, తన నియమాన్ని లెక్క చేయడం కోసం ఇంకొక గదిలోనూ దాచుకుంటాడు. చేయవలసిన పని మూడు భాగాలుగా ఉంటుంది: ఆ నియమం బయటపడేలా ప్రశ్న అడగడం, దాని కారణాన్ని ఓపికగా వినడం, ఆ నియమం ఎక్కడ చెల్లదో పిల్లవాడి కళ్ళెదుటే కనిపించే బొమ్మను చేతికివ్వడం.

ప్రశ్నను ఎంచుకోవడం

మంచి ప్రశ్నకు ఒకే ఒక పరీక్ష ఉంది. సరైన ఆలోచనకూ తప్పు ఆలోచనకూ వేర్వేరు జవాబులు రావాలి. ఇది వినడానికి తేలికగా ఉన్నా మనం ఇచ్చే లెక్కల్లో చాలా వాటికి ఈ గుణం ఉండదు. భుజం 4 సెంటీమీటర్లున్న చతురస్రపు వైశాల్యం అడిగితే జవాబు 16. చుట్టుకొలతనే వైశాల్యమనుకొనే పిల్లవాడికి కూడా 16 వస్తుంది. పొడవు 6, వెడల్పు 3 ఉన్న దీర్ఘచతురస్రానికి రెండూ 18. వ్యాసార్థం 2 ఉన్న వృత్తానికి పరిధి 4π, వైశాల్యమూ 4π. ఈ సంఖ్యలతో ప్రశ్న వేస్తే తరగతి అంతటికీ మార్కులు వస్తాయి, మనకు మాత్రం ఏమీ తెలియదు. అదే విధంగా త్రిభుజ వైశాల్యానికి ఎప్పుడూ లంబకోణ త్రిభుజాన్నే ఇచ్చే అలవాటున్న ఉపాధ్యాయుడికి, ఏవైనా రెండు భుజాలను గుణించి సగం చేసే పిల్లలు ఏళ్ళ తరబడి దొరకరు.

దీనికి బదులుగా ఒక సమాంతర చతుర్భుజాన్ని గీసి, భూమి 8 సెంటీమీటర్లు, పక్క భుజం 5, ఎత్తు 4 అని మూడూ గుర్తించి, వైశాల్యం 40, 26, 32, 16 వీటిలో ఏదని అడగండి. 40 అన్నవారు రెండు భుజాలను గుణించారు. 26 అన్నవారు చుట్టూ కూడారు. 16 అన్నవారికి త్రిభుజ సూత్రం అడ్డువచ్చింది. 32 అన్నవారిలో కూడా కొందరు ఎందుకో తెలియకుండానే మొదటి, చివరి సంఖ్యలను గుణించి ఉండవచ్చు కనుక, కారణం అడగకుండా వారిని వదలకూడదు. జవాబును నోటితో చెప్పించడం కంటే ఒకటి నుంచి నాలుగు వరకు వేళ్ళను గుండెకు ఆనించి చూపమనడం మంచిది. అట్లా చేస్తే పక్కవాడిని చూసి మార్చుకోవడం తగ్గుతుంది, తరగతి మొత్తం ఏమనుకుంటోందో ఒక్క చూపులో తెలుస్తుంది.

40 అన్నవారికి మందు చాలా చవకైనది. రెండు చీపురు పుల్లలను 8 సెంటీమీటర్లకు, రెండింటిని 5 సెంటీమీటర్లకు విరిచి, మూలల్లో సైకిల్ వాల్వు ట్యూబు ముక్కలతో కలపండి. చట్రం నిటారుగా ఉన్నప్పుడు లోపలి వైశాల్యం ఎంత అని అడిగితే 40 అంటారు, అది నిజమే. ఇప్పుడు చట్రాన్ని పక్కకు వంచుతూ పోండి. పుల్లల పొడవు ఏమాత్రం మారలేదు, కనుక వారి నియమం ప్రకారం వైశాల్యం 40గానే ఉండాలి. నాలుగు పుల్లలూ దాదాపు ఒకే గీతగా అణిగిపోయే దాకా వంచి, ఇప్పుడు కూడా 40 చదరపు సెంటీమీటర్లేనా అని అడిగి ఊరుకోండి. ఆ తరువాతి నిశ్శబ్దాన్ని ఉపాధ్యాయుడు పాడుచేయకూడదు. పిల్లలే "లోపల ఏమీ లేదు సార్" అన్న తరువాత, మరి మారుతున్నదేమిటి అనే ప్రశ్న వారి నోటి నుంచే వస్తుంది. అప్పుడు కాగితంతో చేసిన సమాంతర చతుర్భుజం నుంచి ఒక చివర త్రిభుజాన్ని కత్తిరించి రెండో చివర అతికించి, 8 × 4 దీర్ఘచతురస్రంగా మార్చి చూపితే సూత్రానికి చోటు దొరుకుతుంది. అపోహను కూలగొట్టి దాని స్థానంలో ఏదీ కట్టకుండా వదిలితే వారం తిరిగేసరికి పాతదే మొలుస్తుంది.

ఇక్కడ ఇంకొక సంగతి గమనించాలి. పిల్లవాడి నియమం ఎక్కడ చెల్లదో చూపే ముందు అది ఎక్కడ చెల్లుతుందో ఒప్పుకోవాలి. చట్రం నిటారుగా ఉన్నంతసేపూ అతడిది సరైన లెక్కే. ఆ మాట ముందుగా చెబితే అతడు తన ఆలోచనను కాపాడుకోవడానికి వాదించడు, దాని హద్దును వెతకడానికి మనతో కలిసి వస్తాడు.

మన మాటలే పెట్టే చిక్కులు

తెలుగు మాధ్యమంలో చదివినా, ఒక పేజీలో తెలుగు, ఎదుటి పేజీలో ఇంగ్లీషు ఉండే ద్విభాషా పుస్తకంతో చదివినా, మన పిల్లలు తరగతిలో వినేది తెలుగు మాటలనే. ఆ మాటలకు ఇంట్లో ఒక అర్థం, పుస్తకంలో ఒక అర్థం. త్రిభుజానికి 'భూమి' అన్నాం. భూమి కాళ్ళ కిందే ఉంటుంది, మరెక్కడా ఉండదు. 'ఎత్తు' అన్నాం, చెట్టు ఎత్తయినా మనిషి ఎత్తయినా నేల నుంచి నిటారుగా పైకే కొలుస్తాం. 'లంబం' అంటే వేలాడేది. ఈ మూడు మాటలనూ వాటి ఇంటి అర్థంతో కలిపి చూస్తే, త్రిభుజం ఎట్లా పడి ఉన్నా అన్నిటికంటే కింద ఉన్న భుజమే భూమి అనీ, పుస్తకం అంచుకు సమాంతరంగా నిలువుగా గీసిన గీతే ఎత్తు అనీ పిల్లలు తేల్చుకోవడంలో వింతేమీ లేదు. ఈ అపోహలో పెద్ద వాటా నల్లబల్లదీ, దాని మీద ఎప్పుడూ కింది అంచుకు సమాంతరంగానే మొదటి గీత గీసే మనదీ. నా పాత పాఠ్యపథకాల పుస్తకాన్ని తిరగేస్తే, అందులోని త్రిభుజాలన్నీ బుద్ధిగా కూర్చున్నవే కనిపించాయి.

దీన్ని పట్టుకోవడానికి నేను వాడే త్రిభుజం ఒకటి ఉంది. గ్రాఫు కాగితం మీద ఒక సెంటీమీటరును ఒక ప్రమాణంగా తీసుకొని (0, 0), (4, 0), (9, 12) బిందువులను కలపండి. భుజాలు సరిగ్గా 4, 13, 15 సెంటీమీటర్లు వస్తాయి, అధికకోణ త్రిభుజమవుతుంది. దాన్ని అట్ట మీద కత్తిరించి, పిల్లలకు ఇచ్చి, మూడు భుజాలకూ మూడు ఎత్తులు గీయమనండి. తప్పులు మూడు రకాలుగా వస్తాయి. కొందరు ప్రతి భుజానికీ నిలువు గీతనే గీస్తారు. కొందరు శీర్షాన్ని ఎదుటి భుజపు మధ్య బిందువుకు కలుపుతారు, అంటే మధ్యగత రేఖను ఎత్తు అనుకుంటారు. ఇంకొందరు 4 సెంటీమీటర్ల భుజం దగ్గరకు వచ్చేసరికి ఆగిపోతారు, లేదా ఎత్తును ఎట్లాగైనా త్రిభుజం లోపలికే వంచి గీస్తారు. ఎత్తు త్రిభుజం బయట పడవచ్చని వారికి ఎవరూ చూపలేదు.

చికిత్సకు పిల్లల భూమినే వాడుకోవాలి. బల్ల అంచును నేల అనుకొని, అట్ట త్రిభుజాన్ని 15 సెంటీమీటర్ల భుజం మీద నిలబెట్టండి. పై శీర్షం దగ్గర గుండుసూదికి దారం కట్టి, చివర చిన్న రాయి వేలాడదీయండి. మేస్త్రీ గోడ నిటారుగా ఉందో లేదో చూసే పద్ధతే ఇది, చాలా మంది పిల్లలు ఇళ్ళ పనుల దగ్గర చూసినదే. దారం మీద శీర్షం నుంచి బల్ల దాకా కొలిస్తే 3.2 సెంటీమీటర్లు వస్తుంది. త్రిభుజాన్ని దొర్లించి 13 సెంటీమీటర్ల భుజం మీద నిలబెట్టి కొలిస్తే సుమారు 3.7 వస్తుంది. చివరగా 4 సెంటీమీటర్ల భుజం మీద నిలబెట్టాలి. చెయ్యి తీస్తే పడిపోతుంది కనుక ఒకరు పట్టుకోవాలి. ఇప్పుడు దారం త్రిభుజానికి బయట, భుజం చివరి నుంచి 5 సెంటీమీటర్ల దూరంలో బల్లను తాకుతుంది, ఎత్తు 12 సెంటీమీటర్లు. నాలుగు సెంటీమీటర్ల భూమికి పన్నెండు సెంటీమీటర్ల ఎత్తు, అదీ బయట. ఈ ఆశ్చర్యాన్ని అక్కడే ఆపి, మూడు వైశాల్యాలనూ లెక్కకట్టమనండి. 4 × 12లో సగం 24. 15 × 3.2లో సగం 24. 13 × 3.7లో సగం 24.05, ఆ కొసరు కొలతలో వచ్చిన తేడా అని పిల్లలే చెబుతారు. ఒకే అట్టకు ఒకే వైశాల్యం ఉండాలి, కనుక మూడు ఎత్తులూ నిజమైనవే. ఏ భుజాన్నైనా భూమి చేసుకోవచ్చుననే మాట ఆ రోజు నుంచి వారికి వట్టి వాక్యంగా మిగలదు.

'కర్ణం' ఇంకొక రకం చిక్కు. లంబకోణ త్రిభుజంలో లంబకోణానికి ఎదురుగా ఉండే భుజమూ కర్ణమే, చతుర్భుజంలో ఎదురెదురు శీర్షాలను కలిపే గీతా కర్ణమే. దీర్ఘచతురస్రంలో ఈ రెండూ ఒకటే కావడం వల్ల చిక్కు కనబడదు. సమాంతర చతుర్భుజానికి వచ్చేసరికి, కర్ణం అనే మాట వినగానే పైథాగరస్ సిద్ధాంతాన్ని వాడేస్తారు. లంబకోణం ఎక్కడుందో ముందు చూపించి ఆ తరువాతే సిద్ధాంతం పేరెత్తాలనే కట్టడి పెడితే ఇది చాలా వరకు తగ్గుతుంది. ఇదే కట్టడి ఇంకొక తప్పును కూడా పట్టిస్తుంది: కర్ణం 10, ఒక భుజం 6 ఇస్తే రెండో భుజానికి 8 అనకుండా, 100నూ 36నూ కూడి 136కు వర్గమూలం తీసేవారు ప్రతి ఏడూ ఉంటారు.

దీర్ఘమన్న పేరే అడ్డైనప్పుడు

చతురస్రం కూడా దీర్ఘచతురస్రమేనని ఎన్నిసార్లు చెప్పినా పిల్లలు మనస్ఫూర్తిగా ఒప్పుకోరు. ఒప్పుకోకపోవడంలో వారి తప్పు తక్కువ. పేరులోనే 'దీర్ఘ' అని ఉంది. నాలుగు భుజాలూ సమానమైన దానిలో దీర్ఘమేముంది? ఇంగ్లీషులో ఆ ఆకారపు పేరు లంబకోణాన్ని చెబుతుంది, మన పేరు పొడవును చెబుతుంది. అంటే మన పిల్లవాడు తన భాషకు విధేయుడై ఉండడం వల్లనే ఇక్కడ తప్పుతున్నాడు. ఈ సంగతిని తరగతిలో దాచకుండా చెప్పేయడమే మేలని నా అభిప్రాయం. పేరు ఎట్లా వచ్చినా, ఆకారాన్ని తేల్చేది నాలుగు కోణాలూ లంబకోణాలా కాదా అనే పరీక్షేనని స్పష్టంగా చెప్పాలి.

"చతురస్రం దీర్ఘచతురస్రమా?" అని నేరుగా అడగకండి, అవునని బట్టీ పట్టిన జవాబు వస్తుంది. పొడవు 6 సెంటీమీటర్లు ఉన్న దీర్ఘచతురస్రాన్ని వెడల్పు 5తో గీయమనండి, తరువాత 5.5తో, ఆపై 5.9తో. మూడూ దీర్ఘచతురస్రాలే అంటారు. ఇప్పుడు వెడల్పు 6 చేస్తే, దీర్ఘచతురస్రానికి ఉన్న గుణాలలో ఏది పోయిందో చూపమనండి. కోణాలు పోలేదు, ఎదుటి భుజాల సమానత్వం పోలేదు, కర్ణాల సమానత్వం పోలేదు. పోయినదేమీ లేదు, కొత్తగా ఒక గుణం వచ్చి చేరింది. తిరుపతి పిల్లలకు ఒక పోలిక బాగా అందుతుంది. కొండ మీద సర్వదర్శనం వరుసలోకి ఎవరైనా వెళ్ళవచ్చు. వయోవృద్ధుల వరుసకు వయసు అనే ఒక షరతు ఉంది. ఆ షరతు తీరిన తాతగారు సర్వదర్శనానికి అర్హత కోల్పోతారా? షరతులు పెరిగేకొద్దీ వరుస చిన్నదవుతుంది, చిన్న వరుసలోని వారందరూ పెద్ద వరుసకూ అర్హులే. ఈ పోలికను కూడా ఒక్కసారికే వాడాలి, పదేపదే వాడితే పిల్లలు దర్శనం కబుర్లలో పడతారు.

డచ్ గణితోపాధ్యాయ దంపతులు పియరీ వాన్ హీలె, డీనా వాన్ హీలె 1957లో సమర్పించిన పరిశోధనల్లో రేఖాగణిత ఆలోచనను అంచెలుగా వివరించారు. మొదటి అంచెలో పిల్లవాడు ఆకారాన్ని మొత్తంగా చూసి, తలుపులా ఉంది కనుక దీర్ఘచతురస్రం అంటాడు. రెండో అంచెలో గుణాలను విడివిడిగా చెప్పగలుగుతాడు. గుణాల మధ్య సంబంధాన్ని చూసి ఒక ఆకారాన్ని మరొకదానిలో చేర్చుకోవడం మూడో అంచె పని. నిరూపణలు ఆ పైన వస్తాయి. వారు చెప్పిన వాటిలో నాకు ఎక్కువగా పనికివచ్చినది, ఉపాధ్యాయుడు ఒక అంచెలో నిలబడి మాట్లాడితే కింది అంచెలో ఉన్న పిల్లవాడికి అది వేరే భాషలా వినిపిస్తుందనే గమనిక. డైమండ్ అన్న అమ్మాయికి నిర్వచనం వినిపించడం అటువంటిదే. ఆమెకు ముందు అట్టముక్కను తిప్పడం, మడవడం, మూలమట్టంతో మూలలను పరీక్షించడం కావాలి.

వైశాల్యం, చుట్టుకొలత, అంకణం

చుట్టుకొలత పెరిగితే వైశాల్యమూ పెరుగుతుందనీ, చుట్టుకొలత సమానమైతే వైశాల్యమూ సమానమేననీ పెద్దవాళ్ళలో కూడా చాలా మంది నమ్ముతారు. 24 మీటర్ల తాడును ఆవరణలో పరచి, మామిడి మొక్కలకు కంచె వేసుకోమని పిల్లలను జట్లుగా విడదీయండి. వెడల్పు 1 మీటరైతే పొడవు 11, లోపల 11 చదరపు మీటర్లే. 2 × 10కి 20, 3 × 9కి 27, 4 × 8కి 32, 5 × 7కి 35, 6 × 6కి 36. కంచె ఖర్చు అందరికీ ఒకటే, దక్కిన నేల మాత్రం మూడు రెట్లకు పైగా తేడా.

ఇది ఒక సగం. రెండో సగానికి 6 × 6 గళ్ళ కాగితం తీసుకొని ఒక మూల నుంచి 2 × 2 ముక్కను కత్తిరించండి. వైశాల్యం 36 నుంచి 32కు తగ్గింది. చుట్టుకొలత ఎంతకు తగ్గిందని అడిగితే 16 అని కొందరు, 20 అని కొందరు అంటారు. లెక్కపెట్టి చూస్తే 24 అట్లాగే ఉంది. మన వైపు ఈశాన్యం తెగిన స్థలమని బేరం తగ్గించి అడిగే వారికి, ప్రహరీ గోడ ఖర్చు మాత్రం పైసా తగ్గదని ఈ కాగితం చెబుతుంది. అదే ముక్కను మూల నుంచి కాక ఒక భుజం మధ్య నుంచి తీస్తే వైశాల్యం 32కు తగ్గి చుట్టుకొలత 28కి పెరుగుతుంది. ఒకటి తగ్గుతుండగా మరొకటి పెరగడం చూసిన పిల్లవాడు ఆ రెండింటినీ ముడిపెట్టడం మానేస్తాడు.

తిరుపతి, చిత్తూరు ప్రాంతాల్లో ఇళ్ళ స్థలాలను అంకణాల్లో చెప్పుకోవడం ఇంకా ఉంది. అంకణం అంతటా ఒకటి కాదు; 36 చదరపు అడుగులనే లెక్కా ఉంది, 72 అనే లెక్కా ఉంది. మీ ఇంట్లో ఏ లెక్క వాడతారో కనుక్కొని రమ్మనడమే ఒక మంచి ఇంటిపని. ఆరడుగుల భుజంతో ఒక చతురస్రాన్ని ముగ్గుపిండితో నేల మీద గీసి, దీన్ని ఒక అంకణం అనుకుంటే, రెండు అంకణాల చతురస్రానికి భుజం ఎంత ఉండాలని అడగండి. దాదాపు అందరూ పన్నెండు అడుగులంటారు. గీయించండి. పన్నెండడుగుల చతురస్రంలో ఆరడుగులవి నాలుగు పడతాయి. అయితే తొమ్మిది అంటారు. తొమ్మిది తొమ్మిదులు 81, కావలసింది 72. సోక్రటీసు ఒక బానిస బాలుడిని ఇదే ప్రశ్న అడిగాడనీ, ఆ బాలుడూ ముందు భుజాన్ని రెట్టింపు చేసి, తరువాత ఒకటిన్నర రెట్లకు వచ్చాడనీ ప్లేటో రాశాడు. రెండు వేల సంవత్సరాలకు పైగా గడిచినా మన ఆవరణలో పిల్లలు అదే దారిలో నడవడం చూస్తే, ఇది శ్రద్ధ లేకపోవడం వల్ల వచ్చే తప్పు కాదని ఉపాధ్యాయుడికి నమ్మకం కలుగుతుంది. చతురస్రపు కర్ణం వెంట లాగిన తాడు దానికి రెట్టింపు భూమిని ఇస్తుందని, యజ్ఞవేదికల కొలతలు చెప్పే ప్రాచీన గ్రంథమైన బౌధాయన శుల్బసూత్రం చెబుతుంది. అక్కడ భూమి అంటే వైశాల్యమే. తాడును కర్ణం వెంట లాగి, ఆ పొడవుతో కొత్త చతురస్రం గీయించండి. పాత చతురస్రాన్ని కర్ణాల వెంట కత్తిరిస్తే నాలుగు త్రిభుజాలు, కొత్తదానిలో అటువంటివే ఎనిమిది. లడ్డు వ్యాసం రెట్టింపైతే బూంది ఎన్ని రెట్లు కావాలనే ప్రశ్నను మాత్రం పై తరగతులకు దాచుకోండి; రెండు కాదు, నాలుగూ కాదు, ఎనిమిది రెట్లని ఒప్పించడానికి ముందు ఘనాలతో పని చేయించాలి.

చుక్కల ముగ్గు ఈ పనికి సిద్ధంగా ఉన్న సాధనం. పక్క చుక్కకూ మూల చుక్కకూ దూరం ఒకటేనని చాలా మంది పిల్లలు అనుకుంటారు. సెంటీమీటరు ఎడంతో చుక్కలు పెట్టి స్కేలుతో కొలిపిస్తే మూల దూరం సుమారు 1.4 వస్తుంది. ఆ తరువాత ఒక చుక్క నుంచి రెండు అడ్డంగా, ఒకటి పైకి వెళ్ళే గీతతో వాలుగా ఉన్న చతురస్రాన్ని గీయించి వైశాల్యం అడగండి. భుజం 2 అనుకున్నవారు 4 అంటారు. చుట్టూ 3 × 3 చతురస్రం గీసి, మూలల్లో ఒక్కొక్క చదరపు ప్రమాణం ఉన్న నాలుగు త్రిభుజాలను తీసేస్తే 5 మిగులుతుంది. ముగ్గులు బాగా వేసే అమ్మాయిలు ఈ లెక్కలో మిగతావారికి ముందుంటారని నా అనుభవం.

కోణాలు, నిరూపణలు

భుజాలు పొడవుగా ఉంటే కోణం పెద్దదనే అపోహను పట్టుకోవడం తేలిక. పొట్టి భుజాలతో 50 డిగ్రీలు, పొడవైన భుజాలతో 40 డిగ్రీలు గీసి ఏది పెద్దదని అడిగితే చాలు. పలుచని కాగితం మీద ఒకదాన్ని ఎత్తి మరొకదానిపై పెట్టించండి. మూడు గంటలప్పుడు గోడ గడియారం ముళ్ళ మధ్యా చేతి గడియారం ముళ్ళ మధ్యా ఒకే లంబకోణం ఉంటుందని చూపించండి. కోణమంటే తిరిగిన మేర అనే భావన కుదిరితే, గీతను ఇక్కడి నుంచి తిరుమల కొండ దాకా పొడిగించినా కోణం మారదని పిల్లలే నవ్వుతూ చెబుతారు. కోణమానినిలో 60కి బదులు 120 చదివేవారికి, కొలిచే ముందు ఆ కోణం కాగితపు మూల కంటే చిన్నదా పెద్దదా అని నోటితో చెప్పించడం ఒక్కటే సరిపోతుంది.

నిరూపణల సంగతి ఇంత తేలిక కాదు. త్రిభుజ కోణాలను కొలిపిస్తే 179, 181 వస్తాయి. పిల్లలు గుట్టుగా ఒక కోణాన్ని సర్ది 180 చేసి చూపుతారు, మనమూ మెచ్చుకుంటాం. కొలత తేడాను అట్లాగే రాయమని చెప్పి, ఇన్ని త్రిభుజాలను కొలిచాం కనుక అన్నిటికీ ఇంతే అనవచ్చా అని అడగాలి. అవునంటారు. అప్పుడు వృత్తం మీద బిందువులు పెట్టి, ప్రతి జతనూ కలిపి, వృత్తం ఎన్ని భాగాలైందో లెక్కపెట్టమనండి. రెండు బిందువులకు 2, మూడుకు 4, నాలుగుకు 8, అయిదుకు 16. ఆరు బిందువులకు గీయకముందే 32 అని రాసేస్తారు. మూడు గీతలు లోపల ఒకే చోట కలవకుండా జాగ్రత్తగా గీసి లెక్కపెడితే 31 వస్తుంది. తప్పు లెక్కపెట్టామని రెండు మూడుసార్లు మళ్ళీ గీస్తారు, గీయనివ్వండి. ఆ తరువాత శీర్షం గుండా ఎదుటి భుజానికి సమాంతర రేఖను గీసి, ఏకాంతర కోణాలతో 180ని రాబట్టినప్పుడు, కొలతలు ఇవ్వలేని భరోసా ఏదో అందులో ఉందని కొందరికైనా తెలుస్తుంది. అందరికీ తెలుస్తుందని ఆశించడం అత్యాశ.

తరగతిలో జరిపించే తీరు

ఈ పద్ధతికి సమయం పడుతుంది, పాఠ్యాంశాలు పూర్తి కావాలనే ఒత్తిడి మనందరికీ తెలిసినదే. అందుకే అన్ని అపోహల వెంటా పడకుండా, ఏడాదికి ఆరేడింటిని ఎంచుకోమని సలహా. నా ఎంపికలో ఎత్తు, వైశాల్యానికీ చుట్టుకొలతకూ తేడా, రెట్టింపు భుజం, ఈ మూడూ ఎప్పుడూ ఉంటాయి, ఎందుకంటే పదో తరగతిలో సరూపత, క్షేత్రమితి, త్రికోణమితి వీటి మీదే నిలబడతాయి.

వారానికి ఒక పిరియడ్‌లో మొదటి పదిహేను నిమిషాలు చాలు. ప్రశ్నను బల్ల మీద రాసి, వేళ్ళతో జవాబు చూపించి, ఏది సరైనదో ముఖంలో కూడా తెలియనివ్వకుండా, "ఎట్లా అనుకున్నావు నాయనా?" అని సరైన జవాబు చెప్పినవారినీ తప్పు చెప్పినవారినీ ఒకే గొంతుతో అడగండి. తప్పు చెప్పినప్పుడు మాత్రమే ఎందుకని అడిగే ఉపాధ్యాయుడి తరగతిలో, ఆ ప్రశ్న వినపడగానే పిల్లలు జవాబు మార్చేస్తారు. నోరు విప్పని వారి కోసం చీటీల మీద కారణాలు రాయించి, పేర్లు చదవకుండా రెండు మూడు చీటీలను పైకి చదివి, ఇద్దరిద్దరిని మాట్లాడుకోమనండి. ఆ తరువాతే చట్రమో, దారమో, ముగ్గుపిండో బయటికి తీయండి. పిల్లలు జవాబు మార్చుకున్నారా లేదా అని అదే ప్రశ్నతో పరీక్షిస్తే గుర్తున్నదాన్ని అప్పజెబుతారు కనుక, బొమ్మను తిప్పి, సంఖ్యలను మార్చి అడగాలి.

మార్కుల పట్టికకు తోడుగా ఇంకొక పుస్తకం పెట్టుకోండి. అందులో పిల్లల పేర్లకు ఎదురుగా మార్కులు కాకుండా, ఎవరు ఏ నియమంతో లెక్క చేస్తున్నారో రెండు మూడు మాటల్లో రాయండి: నిలువు గీతే ఎత్తు, భుజాల గుణకారం, కోణమంటే భుజం పొడవు. మూడు వారాలు ఆగి, ముందుగా చెప్పకుండా, వేరే పాఠం మధ్యలో ఆ పాత ప్రశ్నను కొత్త బొమ్మతో వేయండి. అప్పటికీ ఎవరి వరుసలో పాత నియమమే ఉందో వారిని మాత్రం మధ్యాహ్న భోజన విరామం తరువాత అట్ట త్రిభుజంతో, దారంతో బల్ల దగ్గరకు పిలవండి.